ఎం.డి. గారి చొక్కాలోంచి వచ్చే బంతి

వెదురు మండలికి బేస్‌బాల్ జట్టు ఎందుకని కొత్తగా చేరినవాళ్లందరూ అడుగుతారు. పాతవాళ్లెవరూ అడగరు. ఎందుకని అడగడం మానేసిన రోజునే మా మండలిలో మనిషి పాతవాడైనట్టు లెక్క.

అయినా చెబుతాను. మా పాత చైర్మన్ గారొకాయనను వెదురు సాగు చూసి రమ్మని విదేశం పంపిస్తే, ఆయన వెదురు సంగతి అటుంచి బేస్‌బాల్ చూసి వచ్చారు. ఆ ఆటలో కర్రకి ఇచ్చే మర్యాద చూసి ముచ్చటపడ్డారు. ఆ కర్రేదో మన వెదురుతో చేయిస్తే దేశమంతా కొంటుందన్నారు. దేశం కొనలేదు. చేయించిన బ్యాట్లు వాడడానికి ఒక జట్టు, జట్టుని చూసుకోవడానికి క్రీడా విభాగం, ఆ విభాగాన్ని చూసుకోవడానికి నేను మిగిలాం. నా పేరు భ్రమరాంబ. సూపరింటెండెంటుని. మ్యాచ్ రోజున స్కోరు రాసేది కూడా నేనే.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పిచర్ అనేవాడు బంతి విసురుతాడు. అది నేల తాకకుండా వస్తుంది. బ్యాటర్ దాన్ని గుండ్రటి కర్రతో కొట్టి పరుగెత్తాలి. మూడుసార్లు తప్పితే వచ్చి కూర్చోవాలి. చైర్మన్ గారు ఇంతకంటే చాలాసేపు చెప్పేవారు గానీ సారాంశం ఇదే.

మా మైదానం రాజమండ్రి శివార్లో, మండలి డిపో వెనకాల ఉంది. బ్యాటర్‌కి ఎదురుగా మైదానం చివర ప్రహరీగోడ. గోడ ముందు ఎండి నల్లబడ్డ వెదురు గుట్టలు. ఆ గుట్టల వైపు చూస్తూ నిలబడి పల్లాల బుల్లిరెడ్డి బ్యాటు ఎత్తేవాడు. మారేడుమిల్లి కొండల మీద పుట్టినవాడు. ఆశ్రమ పాఠశాలలో డ్రిల్లు మాస్టారు ఈ ఆట నేర్పారట. చదువైపోయాక మా డిపోలోనే కూలికి వెదురు నరుకుతూ, ఖాళీ దొరికితే ఇలా వచ్చి ఆడుతుంటే, ఆయన్నీ ఈయన్నీ పట్టుకుని క్రీడా కోటాలో ఉద్యోగం వేయించాం. అతను కొట్టిన బంతులు గుట్టలు దాటి, గోడ దాటి, అవతల అరటి తోటలో పడేవి. పచ్చి వెదురు చీలినట్టు ఫెళ్లుమనే ఆ చప్పుడంటే నాకు ప్రాణం. ఎవరితోనూ అనలేదు గానీ ఆ చప్పుడు కోసమే నేను ప్రమోషన్ వచ్చినా క్రీడా విభాగం వదల్లేదు.

అలాంటి బుల్లిరెడ్డి ఒకరోజు నుంచి బంతి కొట్టడం మానేశాడు. మానేశాడంటే తప్పు. బ్యాటు ఊపేవాడు, గాలి వచ్చేది, బంతి వెనక్కి పోయేది.

ఆ ఒకరోజు ఏదో నాకు బాగా గుర్తు. కాలేజీ కుర్రాళ్లతో సరదాగా ఆడిన ఆటలో మేము గెలిచాం. కొత్తగా వచ్చిన ఎం.డి. విరూపాక్ష ప్రసాద్ గారు తెగ సంబరపడి గోడ మీంచి వెదురు గుట్టల ముందుకి వేలాడేలా ఫ్లెక్సీ కట్టించారు. అతిథుల కుర్చీలు బ్యాటర్ వెనకాల ఉంటాయి కాబట్టి ఫ్లెక్సీ అతిథులకి ఎదురుగా ఉండాలి. అతిథులకి ఎదురుగా అంటే బ్యాటర్‌కి కూడా ఎదురుగానే. అందులో ఎం.డి. గారు తెల్ల చొక్కాతో, తెల్లటి పలువరస కనబడేలా నవ్వుతూ, గోడంత ఎత్తున చేతులు జోడించి ఉన్నారు. కింద మూలన బుల్లిరెడ్డి ఫోటో బొట్టుబిళ్లంత ఉంది. 'మన మండలి ఆశాజ్యోతి' అని రాశారు. ఇద్దరిలో ఎవరో రాయలేదు.

బుల్లిరెడ్డి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్ గారండీ, బంతి కనపట్టం లేదండి."

"కళ్లు మసకలా?"

"కాదండీ. బంతి తెల్లగుంటదాండి. ఎం.డి. గారి సొక్కా తెల్లగుంటదాండి. పిచర్ సెయ్యి పైకెత్తాడంటే బంతి సరిగ్గా ఆయన జేబులోంచి వత్తందండి. జేబు దాటిందాకా తెలవట్లేదు, దాటాక టైము సాలట్లేదు. ఆ ఫ్లెక్సీ ఓ పక్కకి లాగించండి, కొట్టేత్తాను."

ఇంత తేలికైన రోగం, ఇంత చవకైన మందు మా మండలిలో నేనెప్పుడూ చూడలేదు. వెంటనే నోట్ రాసి పైకి పంపాను. అది ఆరు బల్లలెక్కి దిగి, ఎం.డి. గారి పచ్చ సిరాతో తిరిగొచ్చింది. 'ఫ్లెక్సీ స్థానభ్రంశం ప్రోటోకాల్ దృష్ట్యా పరిశీలనార్హం కాదు. బ్యాటర్ తన దృక్కోణాన్ని సవరించుకోవలసిందిగా సూచన.'

నేనే స్వయంగా వెళ్లి అడిగాను. ఎం.డి. గారు మంచివారే. కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, ఓపికగా చెప్పారు.

"భ్రమరాంబ గారూ, ఫ్లెక్సీని పక్కకి జరిపితే చూసేవాళ్లు నన్ను పక్కకి జరిపారనుకుంటారు. పైగా నెలాఖరులో బదిలీలున్నాయి. ఇలాంటి సమయంలో ఇలాంటి సంకేతాలు పంపకూడదు."

ముందుజాగ్రత్తగా బుల్లిరెడ్డిని కంటి ఆసుపత్రికి పంపారు. డాక్టరు పరీక్షించి, ఇంత మంచి చూపు ఈ మధ్య చూడలేదని రాసిచ్చాడు. దాంతో విషయం తేలిపోయిందన్నారు ఎం.డి. గారు. కళ్లల్లో లోపం లేదు. ఫ్లెక్సీలో లోపం ఉండే అవకాశం లేదు. ఇక మిగిలింది బుల్లిరెడ్డి మనసు.

ఇదంతా మాకు వినోదమే గానీ బుల్లిరెడ్డికి కాదు. క్రీడా కోటా ఉద్యోగానికి ఒక షరతుంది. ప్రొబేషన్ ముగిసేలోగా ప్రభుత్వ సంస్థల మధ్య జరిగే పోటీలో కనీసం ఒక్క హిట్టయినా కొట్టాలి. లేదంటే ఉద్యోగం పోతుంది, మళ్లీ డిపోలో కత్తి పట్టాలి. ఆ పోటీ సంక్రాంతి ముందు వస్తోంది.

"కత్తి పట్టుకోటం నాకేం నామోషీ కాదండి," అన్నాడు బుల్లిరెడ్డి. "మా ఆవిడకిప్పుడు ఏడో నెలండి. క్వార్టర్లో కుళాయి ఇప్పితే నీళ్లొత్తాయి. పైన మా ఊళ్లో అయితే వాగుకి దిగి ఎక్కాలండి. ఆ కుళాయొక్కటి పోకుండా సూడండి."

చూస్తానన్నాను. ఏం చూస్తానో నాకూ తెలియదు.

సరిగ్గా అప్పుడే ఎం.డి. గారు దిండి రిసార్టులో జరిగిన 'మైండ్‌సెట్' శిక్షణకి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లారు, వచ్చేటప్పుడు మధుకిరణ్ గారిని వెంటబెట్టుకొచ్చారు. ఈయన మనోవికాస నిపుణుడు. తెల్ల సూటు, తెల్ల బూట్లు. మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగి, మనం చప్పట్లు కొట్టేదాకా చూస్తాడు.

మీటింగు పెట్టారు. ఎం.డి. గారు ప్రారంభోపన్యాసం చేశారు. "ఆటగాడి వైఫల్యం ఆటగాడిది కాదు. అది అతని చుట్టూ ఉన్న వాతావరణానిది. అతని చుట్టూ ఉన్నది మనం. కావున మనం మారాలి." నాకు ఎంత సంతోషమేసిందంటే, ఫ్లెక్సీ దిగిపోతుందనుకున్నాను.

మధుకిరణ్ గారు బుల్లిరెడ్డిని లేపి నిలబెట్టారు. "నీ సమస్య నీ మాటల్లో చెప్పు."

"బంతి కనపట్టం లేదండి."

"చూశారా!" అని మధుకిరణ్ గారు అందరివైపూ తిరిగారు. "ఎంత నెగటివ్‌గా చెప్పాడో! తమ్ముడూ, కనపడదనుకుంటే కనపడదు. కనపడుతుందనుకో, కనపడుతుంది."

"అనుకున్నానండి. అయినా ఎం.డి. గారే కనపడ్డారండి."

ఎం.డి. గారు కొంచెం ఇబ్బందిగా, కొంచెం సంతోషంగా కదిలారు. మధుకిరణ్ గారు ఆ మాటని 'గమ్యం స్పష్టంగా ఉంది, మార్గం అస్పష్టం' అని రాసుకున్నారు. ఆ సాయంత్రానికే 'సానుకూల వాతావరణ కల్పనా సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు ఎం.డి. గారు, సలహాదారు మధుకిరణ్ గారు, కన్వీనరు నేను. సంఘంలో బుల్లిరెడ్డిని వేయలేదు. అతను వాతావరణం కాదు కదా.

మొదటి సర్క్యులర్ మాటల గురించి. బ్యాటర్ చెవిన పడే అవకాశమున్న చోటల్లా 'లేదు, కాదు, రాదు' వంటి నిరుత్సాహపు పదాలు వాడరాదన్నారు. అతని చెవి ఎక్కడెక్కడికి వెళుతుందో చెప్పలేం కాబట్టి ఆఫీసంతటికీ వర్తింపజేశారు. మా పర్మిట్ల సెక్షన్ నోట ఆ మూడు మాటలు తప్ప వేరే మాట విన్నవాళ్లు లేరు. పాపం వాళ్లకి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక రైతు తన పర్మిట్ వచ్చిందా అని అడిగితే గుమాస్తా గుటకలు మింగి, "బయల్దేరిందండీ, మీరే కాస్త తొందరపడి ముందొచ్చారు," అన్నాడు. రైతు అక్కడే కూర్చుని సాయంత్రందాకా ఎదురుచూశాడు.

రెండో సర్క్యులర్ చప్పట్ల గురించి. సెక్షన్ల వారీగా సిబ్బంది వంతులేసుకుని ప్రాక్టీసుకి హాజరై చప్పట్లు కొట్టాలి. మైదానం గేటు దగ్గర వేలిముద్ర మెషిన్ పెట్టారు. మొదట్లో బుల్లిరెడ్డి కొడితే చప్పట్లు కొడదామని కూర్చున్నారు. అతను కొట్టలేదు, వీళ్లూ కొట్టలేదు, అందరూ ఊరికే ఇంటికెళ్లారు. ఇది సంఘం దృష్టికి వచ్చింది. తప్పినప్పుడు చప్పట్లు లేకపోతే అది మౌన విమర్శ అవుతుందన్నారు మధుకిరణ్ గారు. అందుకని తప్పినా కొట్టాలన్నారు. తప్పాక కొడితే వెక్కిరించినట్టుంటుందని ఎవరో అన్నారు. చివరికి పిచర్ చెయ్యి పైకెత్తగానే, బంతి ఇంకా రాకముందే, ముందస్తుగా కొట్టాలని తీర్మానించారు. అకౌంట్స్ సెక్షన్ వాళ్ల చప్పట్లలో ఆత్మీయత లోపించిందని వాళ్లకి విడిగా శిక్షణ ఇచ్చారు.

మూడోది పిచర్ గురించి. ప్రాక్టీసులో బంతి విసిరేది మా డిపో వాచ్‌మన్. ఒకరోజు పాత అలవాటు కొద్దీ కొంచెం గట్టిగా విసిరాడు. మర్నాడే మెమో వచ్చింది. 'సహోద్యోగి మనోస్థైర్యాన్ని దెబ్బతీసే వేగంతో మండలి బంతిని ప్రయోగించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు.' అతను నా చేత వివరణ రాయించుకున్నాడు. ఇకమీదట బంతి వేసే ముందు బ్యాటర్ గారి అభిప్రాయం తీసుకుని, వారి సౌకర్యాన్ని బట్టి విసురుతానని హామీ ఇచ్చాడు. అప్పట్నించి బంతి నడుచుకుంటూ వచ్చేది. నడుచుకుంటూ వచ్చినా తెల్లగానే వచ్చేది.

వీటన్నిటికంటే ఘనమైంది రెండో ఫ్లెక్సీ. వాతావరణం బొత్తిగా చాలట్లేదని, పాత ఫ్లెక్సీ పక్కన ఇంకోటి కట్టించారు. అందులో మధుకిరణ్ గారు తెల్ల సూటుతో వేలు చూపిస్తూ 'నువ్వు చూడగలవు!' అంటున్నారు. అంతకుముందు ఎం.డి. గారి చొక్కా అంచు దాటాక కాస్త నల్లటి వెదురు కనబడేది. ఇప్పుడు ఈ మూల నుంచి ఆ మూల దాకా తెలుపే.

బుల్లిరెడ్డి చిక్కిపోయాడు. ఒక సాయంత్రం బ్యాటు చంకలో పెట్టుకుని నా పక్కన కూలబడ్డాడు.

"ఇదివరకు బంతొక్కటే కనపడేది కాదండి. ఇప్పుడు ముందే సప్పట్లు కొట్టేత్తన్నారా, కొట్టానో లేదో కూడా తెలవట్లేదండి. మొన్నోసారి ఉత్త గాలికి బ్యాటూపేసి సగం దూరం పరిగెత్తేశాను మేడమ్."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. కొండల్లో పుట్టి, ఆకు కదిలితే ఏ పిట్టో చెప్పగలిగిన మనిషి, తన చేతిలోని కర్రకి బంతి తగిలిందో లేదో తెలియడం లేదంటున్నాడు. ఆ పని మేమందరం కలిసి, జీతాలు తీసుకుని, ఎంతో ప్రేమగా చేశాం.

తర్వాతి మీటింగులో నా స్కోరు పుస్తకం మీద పడ్డారు. అందులో అన్నీ సున్నాలున్నాయి.

"మేడమ్, మీరు జరిగింది రాస్తున్నారు," అన్నారు మధుకిరణ్ గారు నొచ్చుకుంటూ.

"స్కోరంటే అదే కదండీ."

"అది గతం. గతం రాస్తే ఆటగాడు గతంలోనే ఉండిపోతాడు. అతని సంకల్పం రాయండి. బ్యాటు ఊపాడా? ఊపాడు. కొట్టాలనే ఊపాడా? కొట్టాలనే. అంటే మనసులో హిట్టు పడిపోయింది. బంతి సహకరించలేదు, అంతే. దాన్ని సంకల్ప హిట్ అని నమోదు చెయ్యండి."

నాకు ఒళ్లు మండిపోయింది. బంతి తగలని హిట్టు రాయడం నా చేత కాదన్నాను. ఎం.డి. గారు వాడకూడని మాట వాడినందుకు నన్ను సున్నితంగా మందలించి, పుస్తకంలో కొత్త గడి గీయించారు. వారం తిరిగేసరికి బుల్లిరెడ్డి ఒక్క బంతి కూడా తాకకుండా రాష్ట్రంలోనే మొదటి బ్యాటరయ్యాడు.

పోటీ రోజు దగ్గరపడింది. ప్రభుత్వ సంస్థల పోటీ అని పెద్ద పేరే గానీ, ఈ ఆట ఆడేది మేమూ, పశుగ్రాస మండలీ రెండే. అందువల్ల ప్రారంభోత్సవం, ఫైనలు ఒకే పూట జరుగుతాయి. ఈసారి మా మైదానంలోనే. ఒక చిక్కు మాత్రం అప్పుడే బయటపడింది. మా సర్క్యులర్లు పశుగ్రాస మండలికి వర్తించవు. వాళ్ల పిచర్ షేక్ మస్తాన్ వలి గట్టిగా విసురుతాడు.

ఎం.డి. గారు వాళ్ల కమిషనర్ గారికి ఉత్తరం రాశారు. 'మా బ్యాటర్ మానసిక వాతావరణాన్ని దృష్టిలో ఉంచుకుని మీ పిచర్ బంతులను సానుకూలంగా సంధించేలా ఆదేశించగలరు.' జవాబు రెండ్రోజుల్లో వచ్చింది. 'మా పిచర్ కూడా ప్రొబేషన్లోనే ఉన్నాడు. ఎదుటివారు బంతిని కొడితే అతని ఆత్మవిశ్వాసం దెబ్బతింటుందని మా సలహాదారు తేల్చారు. కావున మీ బ్యాటర్లందరూ బంతిని సానుకూలంగా వదిలేయగలరు.'

ఉమ్మడి సమావేశం పెట్టారు. బల్లకి ఇటు మేము, అటు వాళ్లు. వాళ్ల సలహాదారు కోసం అందరం ఎదురుచూస్తున్నాం. మధుకిరణ్ గారు మా వైపు నుంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, వాళ్ల వైపు కూర్చున్నారు. రెండు మండళ్లకీ ఆయనే సలహాదారట. కాసేపటికి ఆయన్ని బల్ల చివర వేరే కుర్చీలో కూర్చోబెట్టారు.

అందరం ఆయన వంక చూశాం. ఎవరి ఆటగాడు ఓడినా ఆయన శిక్షణ తప్పవుతుంది. జీవితంలో మొదటిసారి అనుకుంటాను, మధుకిరణ్ గారు చప్పట్ల కోసం కాకుండా నిజంగానే ఆలోచించడానికి ఆగారు. తర్వాత ముఖం వెలిగిపోయింది.

"ఇటు సంకల్పం ఉంది. అటు సంకల్పం ఉంది. ఇద్దరిలోనూ ఏ లోపమూ... ఇద్దరూ సంపూర్ణులే. మరి వీళ్లిద్దరి మధ్యా గొడవ పెడుతున్నది ఏమిటి?"

బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరి మొహాలూ చూశారు.

"బంతి!" అన్నారాయన.

తీర్మానం నేనే టైపు చేశాను. 'క్రీడాకారుల మానసిక ఆరోగ్యం దృష్ట్యా, ఇరు మండళ్ల మధ్య పోటీని బంతి రహితంగా నిర్వహించుటకు, మ్యాచ్ రోజున మైదానంలోకి బంతిని అనుమతించకుండుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'

మ్యాచ్ రోజున శామియానాలు, మైకు, గోడ అవతల అరటి తోటలో విందుకి వేరే పందిరి. సిబ్బంది అంతా గేటు దగ్గర వేలిముద్ర వేసి లోపలికొచ్చారు. బంతి ఉందేమోనని ఆటగాళ్ల జేబులు తడిమారు.

మస్తాన్ వలి నడిమధ్యకి వచ్చి నిలబడ్డాడు. నల్లగా, పొడుగ్గా, గుంటూరు ఎండలో పెరిగిన మనిషి. ఉత్త చెయ్యి చూసుకున్నాడు. ఎదురుగా బుల్లిరెడ్డి బ్యాటెత్తాడు. ఇద్దరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మస్తాన్ చెయ్యి విసిరాడు. చప్పట్లు మోగాయి. బుల్లిరెడ్డి బ్యాటు ఊపాడు. మా పుస్తకంలో నేను హిట్ అని రాశాను, పక్క కుర్చీలో పశుగ్రాస మండలి గుమాస్తా తన పుస్తకంలో అవుట్ అని రాశాడు. అంపైరు రెండు చేతులూ రెండు రకాలుగా చూపించాడు. బుల్లిరెడ్డిని పరుగెత్తమన్నారు, పరుగెత్తాడు. అతన్ని అవుట్ చేసినందుకు మస్తాన్‌ని ఎగిరి గంతెయ్యమన్నారు, వేశాడు. ఎండెక్కేదాకా ఇదే జరిగింది. ఎవరికీ చెమట పట్టలేదు.

మ్యాచ్‌లో ఇద్దరూ గెలిచారని మైకులో చెప్పారు. ఎం.డి. గారు, కమిషనర్ గారు కౌగలించుకున్నారు. అందరూ విందుకి గోడ అవతలికి కదిలారు. గ్రూపు ఫోటోకి వెనకాల బాగుంటాయని గోడ మీది ఫ్లెక్సీలు రెండూ విప్పించి ఆ పందిట్లోకి మోయించుకుపోయారు.

మైదానంలో నేనూ బుల్లిరెడ్డీ మిగిలాం. అతను బ్యాటు మీద ఆనుకుని నిలబడ్డాడు.

"ఉజ్జోగం నిలబడినట్టేనాండి?"

"నిలబడింది బుల్లిరెడ్డీ. హిట్టు రాశాను."

"మరి నేనేం కొట్టానండి?"

స్కోరు పుస్తకం మూసి పక్కన పెట్టేశాను. సొంత పుస్తకం ముట్టుకోవాలంటే రోతగా అనిపించింది.

ఇంతలో మస్తాన్ వలి అటు ఇటు చూసుకుంటూ వచ్చాడు. బూటు విప్పి, మేజోడులోంచి బంతి తీశాడు.

"అన్నా, మా కాడ కూడా ఆ తెల్ల సూటాయన చేరి రెండు నెల్లనుంచి నన్ను సరిగ్గా ఎయ్యనియ్యట్లేదు. చెయ్యి తీట పెడతావుంది. ఒక్కటేస్తా, ఏమనుకోమాక."

"గట్టిగా ఎయ్యి తమ్ముడూ," అన్నాడు బుల్లిరెడ్డి.

మొదటి బంతి అతను ముట్టుకోలేదు. అది రివ్వున వెళ్లి వెనక వలకి తగిలింది. నేను నిట్టూర్చాను. బుల్లిరెడ్డి మాత్రం నా వైపు తిరిగి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

"కనపడింది మేడమ్! కుట్లతో సహా కనపడిందండి!"

అతని ఎదురుగా గోడ ఖాళీగా ఉంది. దాని ముందు నల్లటి వెదురు గుట్టలు, ఎప్పటిలాగే.

మస్తాన్ ఈసారి ఇంకా గట్టిగా విసిరాడు. ఫెళ్లుమంది. ఆ చప్పుడు విని ఎన్ని నెలలైందో! నేను కుర్చీలోంచి లేచిపోయి, ఏ సర్క్యులరూ చెప్పకుండానే, చేతులు మండేలా చప్పట్లు కొట్టాను. మస్తాన్ కూడా కొట్టాడు. అంత బాగా విసిరిన బంతిని అంత బాగా కొట్టించుకున్నందుకు అతని మొహం కూడా వెలిగిపోతోంది. బంతి గుట్టలు దాటింది, గోడ దాటింది. తర్వాత గోడ అవతల పెద్ద కేక వినిపించింది.

పరుగున వెళ్లాం. బంతి పెరుగు గారెల గంగాళంలో పడింది. గంగాళం పక్కనే నిలబడ్డ ఎం.డి. గారి చొక్కా నిండా పెరుగు. చొక్కా తెల్లనిదే కాబట్టి దూరానికి ఏమీ తెలియలేదు. ఆయన గరిట పట్టుకుని గంగాళంలోకి వంగి వెతుకుతున్నారు. తెల్లటి పెరుగు, అందులో తేలుతున్న గుండ్రటి గారెలు.

"ఏదయ్యా బంతి? పడింది నేను చూశాను! ఇందులోనే ఉండాలి. కనపడట్లేదేం?"

నా నోరు ఆగలేదు.

"కనపడదనుకుంటే కనపడదు సార్. కనపడుతుందనుకోండి."

ఆయన తలెత్తి నన్ను చూశారు. తర్వాత గంగాళంలోకి చూశారు. తర్వాత ఎందుకో వెనక్కి తిరిగి, పందిరికి కట్టిన తన ఫ్లెక్సీని, దాని మీది చొక్కాని చాలాసేపు చూశారు. ఇప్పుడు అర్థమైపోయిందని నేననుకున్నాను. ఆయన పక్కనున్న మధుకిరణ్ గారి చెవిలో ఏదో అన్నారు. మధుకిరణ్ గారు రాసుకున్నారు.

వారం తర్వాత కొత్త సర్క్యులర్ వచ్చింది. 'ఎవరూ చూడని వాతావరణంలో బ్యాటర్ అత్యుత్తమంగా రాణించినట్లు సంఘం గుర్తించినది. కావున ఇకపై ప్రాక్టీసు సమయంలో సిబ్బంది అందరూ మైదానానికి విధిగా గైర్హాజరు కావలెను. గైర్హాజరైన వారు గేటు వద్ద వేలిముద్ర వేయవలెను. మైదానంలో ఎవరూ లేరని ధ్రువీకరించుటకు ఒక అధికారి రోజూ మైదానంలో ఉండవలెను.' ఆ అధికారిని నేనే. ఫ్లెక్సీలు మళ్లీ గోడ మీదికి వచ్చాయి. ఎవరూ ఉండరు కాబట్టి వాటి వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదన్నారు. వాటి తాళ్లు ఎలా కట్టారో, ఎలా విప్పాలో నేను ఇప్పటికే చూసి పెట్టుకున్నాను.

అదే రోజు బుల్లిరెడ్డికి రెండు కాగితాలు అందాయి. ఒకటి ప్రొబేషన్ పూర్తయిందన్న ఉత్తర్వు. పోటీలో బంతి లేకుండా కొట్టిన హిట్లని అందులో పొగిడారు. రెండోది మెమో. 'ఉమ్మడి తీర్మానాన్ని ఉల్లంఘించి, నిషేధిత బంతిని బ్యాటుతో అతి బలంగా కొట్టి, ప్రహరీగోడ దాటించినట్లు మీపై అభియోగం. మీరు కొట్టినది నిజమేనా? వివరణ ఇవ్వగలరు.'

అతను ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెమో మాత్రం నా చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు.

"అతి బలంగా అని రాశారాండి?"

"రాశారు."

"గోడ దాటినట్టు కూడా?"

"అదీ ఉంది. దీన్నుంచి తప్పించుకునేలా వివరణ రాద్దాం, కూర్చో. చెయ్యి జారిందని రాస్తాను. ఇంక్రిమెంటు పోకుండా చూస్తాను."

"వద్దండి." అతను కూర్చోలేదు. "ఈ మండలిలో నేను బంతి కొట్టానని రాసిన కాయితం ఇదొక్కటేనండి. మా ఆవిడకి సూపించాలి. పుట్టబోయేవోడికి కూడా సూపించాలి. నిజమేనని రాసెయ్యండి."

నేను టైపు మిషన్ ముందుకి లాక్కున్నాను. నా సర్వీసులో అంత పొట్టి వివరణ ఇంకొకటి టైపు చెయ్యలేదు. 'కొట్టినది నిజమే. నేనే కొట్టాను.' అతను సంతకం పెట్టి, ఒక కాపీ అడిగి తీసుకుని, ఇంటికి వెళ్లాడు.